వినుకొండ రోడ్డు కింది వెలుగు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు కూడా ఎనిమిదిన్నరకి క్యారేజీ పట్టుకుని బయలుదేరాను. ఈ రోజు కూడా కాలేజీ సందు దాటేసి తిన్నగా లైబ్రరీకి వెళ్ళాను. పేపర్లన్నీ చదివాను. టెండర్లు చదివాను, వర్ధంతులు చదివాను, తప్పిపోయిన వాళ్ళ ఫొటోలు చూశాను. ఒంటిగంటకి పార్కులో కూర్చుని గోంగూర అన్నం తిన్నాను. ఐదింటికి అలిసిపోయిన మొహం పెట్టుకుని ఇంటికొచ్చాను.

"పిల్లలు బాగా చదువుతన్నారా?" అన్నాడు నాయన.

"బాగా చదువుతున్నారు" అన్నాను.

ఉద్యోగం పోయి నేటికి తొమ్మిది పనిదినాలు. నేను చేసిన నేరం, ప్రాక్టికల్స్ దగ్గరపడుతున్నాయి గదా అని ఇంటర్ పిల్లల్ని ల్యాబులోకి తీసుకెళ్ళడం. తాళం మూడేళ్ళ నుంచి తీయలేదట, తుప్పు పట్టిపోయింది. పగలగొట్టించాను. గాజు పట్టకంలోంచి గోడ మీద ఏడు రంగులూ పడగానే పిల్లలు పెట్టిన కేకకి కింద గదిలో ప్రిన్సిపాల్ భూకంపం వచ్చిందనుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. తిరిగొచ్చాక, "రికార్డులు చూసి రాయించండి చాలు, మార్కుల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. "అన్నీ మీరే చూసుకుంటే ఇక నేనెందుకు సార్?" అన్నాను. "నేనూ అదే ఆలోచిస్తన్నా" అన్నాడు.

నాయన షెడ్డుకొచ్చే ప్రతి లారీ డ్రైవరుకీ వాళ్ళ బండి జబ్బు కంటే ముందు నా ఉద్యోగం గురించి చెబుతాడు. అందుకే చెప్పడం కాస్త ఆలస్యమైంది. రేపు చెప్పేస్తాను.

ఫిబ్రవరి 4

చెప్పలేదు. నాయనకి జలుబు చేసింది. జలుబు చేసిన మనిషికి ఇలాంటివి చెప్పకూడదు.

ఫిబ్రవరి 6

జలుబు తగ్గింది. చెబుదామని అన్నం దగ్గర కూర్చున్నాను. ఈలోపు నాయనే మొదలుపెట్టాడు.

"ఇయ్యాల ఒక జీపు వచ్చింది, క్లచ్చు పోయి. అందులో ఒకామె. డాక్టరంట. సూది మందు డాక్టరు కాదంట, వెలుతురు డాక్టరంట!"

"వెలుతురుకేం జబ్బొచ్చింది?" అంది అమ్మ.

"నాకేం తెలుసు మస్తానమ్మా. వినుకొండ రోడ్డు కింద టెలిఫోన్ తీగ ఉంది గదా, దాంట్లోకి వెలుతురు పంపించి రోడ్డు మీద ఎవురు పోతన్నారో వింటారంట. మా అమ్మాయికి చెబితే అర్థమైద్ది, ఫిజిక్సు లెక్చరరు అని చెప్పా. కార్డు ఇచ్చింది, టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉంటదంట."

గ్రీజు వేళ్ళ ముద్రలున్న కార్డు. డాక్టర్ లక్ష్మీతిరుపతమ్మ. ఫోటానిక్స్. బెంగళూరు.

అన్నం ఎప్పుడు తినడం అయిందో, చెయ్యి ఎప్పుడు కడుక్కున్నానో గుర్తులేదు.

ఫిబ్రవరి 7

టెలిఫోన్ ఎక్స్చేంజి వెనక గది. లోపల ఒక పెట్టె, ఒక పెద్ద తెర, తెర ముందు వెంకటేష్ అని పీహెచ్‌డీ చేస్తున్నతను. డాక్టరమ్మ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని జొన్నరొట్టె తింటోంది. యాభై ఏళ్ళుంటాయి.

"ఎవురమ్మా నువ్వు?"

"మీ జీపు బాగుచేసిన హబీబుల్లా గారి అమ్మాయిని. జెబా. ఫిజిక్స్ చెబుతాను."

చెబుతాను అన్నాను. చెప్పేదాన్ని అనలేదు. ఒక్క మాట తేడా, అంతే.

"ఇయ్యాల కాలేజీ లేదా?"

"సెలవు పెట్టాను."

"మంచిది. రొట్టె తింటావా?"

ఆమెది మాచర్ల అవతల ఒక ఊరట. పాతికేళ్ళుగా బెంగళూరులో ఉందట. మాట మాత్రం చెక్కుచెదరలేదు. "ఏంది వెంకటేషూ, ఆ పదకొండో కిలోమీటరు దగ్గర గొడవేందో చూడు" అంటే, వెంకటేష్ చూసి, "గేదెలు మేడం" అన్నాడు.

గేదెలు! తెర మీద పదకొండో కిలోమీటరు దగ్గర చుక్కల గుంపు ఒకటి నింపాదిగా పక్కకి జరుగుతోంది. రోడ్డు దాటుతున్న గేదెలు! గదిలో కూర్చుని, కిటికీ కూడా లేని గదిలో కూర్చుని, పదకొండు కిలోమీటర్ల అవతల గేదెల నడక చూశాను.

ఫిబ్రవరి 8

నిద్ర పట్టింది గానీ నిద్రలో కూడా నవ్వానని అమ్మ చెప్పింది.

నా కోసం నేను రాసుకుంటాను, లేకపోతే తల పగిలిపోతుంది. రోడ్డు కింద నలభై కిలోమీటర్ల కేబుల్ ఉంది. దాంట్లో వెంట్రుకంత గాజు పోగులు. అందులో ఒకటి ఎవరూ వాడకుండా ఖాళీగా పడి ఉంది. పెట్టెలోంచి దాంట్లోకి సెకనుకి వేయి సార్లకి పైగా లేజర్ వెలుగు తునకలు పంపుతారు. గాజు ఎంత శుభ్రమైనదైనా వెలుగులో ఏ కొంచెమో ప్రతి అడుగులోనూ వెనక్కి చెదురుతుంది. పైన ఎవరైనా నడిస్తే నేల అదురుతుంది. నేల అదిరితే పోగు సాగుతుంది. ఎంత సాగుతుందో చెబితే ఎవరూ నమ్మరు, ఒక అణువంత సాగినా చాలట. ఆ కాస్తకే తిరిగొచ్చే వెలుగు మారిపోతుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూస్తే ఎక్కడ అదిరిందో తెలుస్తుంది. అంటే పది మీటర్లకొక చెవి. నలభై కిలోమీటర్లకి నాలుగు వేల చెవులు!

ఇదంతా ఇప్పటికే కొన్ని దేశాల్లో చేస్తున్నారట. ఈమె కొత్తగా చేసింది ఏమిటంటే, లేజరు. ఇలాంటి పనికి వణుకు లేని లేజరు కావాలి, అది పెద్దదిగా ఉంటుంది, ఖరీదు. ఈమె బొటనవేలి గోరంత చిప్పు మీద తయారుచేసింది. ల్యాబులో పనిచేసింది. మన ఎండకి, మన కరెంటుకి, మన లారీలకి తట్టుకుంటుందా అన్నదే పరీక్ష.

"తట్టుకోకపోతే?" అని అడిగాను.

"పదేళ్ళ పని గంగలో కలిసిద్ది. ఇంకో పదేళ్ళు చేస్తా. ఏం చేద్దాం?" అంది, మజ్జిగ తాగుతూ.

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ రోజు సమ్మెట ఇచ్చారు!

కేబుల్ రోడ్డు పక్కనే తిన్నగా పోదు. వంపులు తిరుగుతుంది, కొన్నిచోట్ల చుట్టలు చుట్టి పాతిపెట్టారు. అందుకని తెర మీది ఫలానా చోటు నేల మీద ఎక్కడో తెలియాలంటే ఒకటే దారి. ఎవరో ఒకరు వంద మీటర్లకొకసారి ఆగి నేలని కొట్టాలి. ఇక్కడ కొట్టాను అని ఫోన్లో చెబితే, వెంకటేష్ తెర మీద గుర్తు పెట్టుకుంటాడు.

ఆ ఎవరో ఒకరు నేనే.

జీపు నేనే నడుపుకుంటూ వెళ్ళాను. మెకానిక్ కూతుర్ని. ఆగడం, దిగడం, దబ్ దబ్ దబ్ మని మూడు దెబ్బలు, ఫోను. "వచ్చిందా?" "వచ్చింది మేడం." వచ్చింది అన్న ప్రతిసారీ ఒళ్ళు ఝల్లుమంది. నలభై రెండు సార్లు ఝల్లుమంది. మిరపకాయలు ఆరబోస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి, "రోడ్డు నిన్నేం చేసిందమ్మా?" అని అడిగింది.

చేతులు బొబ్బలెక్కాయి. "బోర్డు తుడిచీ తుడిచీ" అని చెప్పాను అమ్మకి. కొబ్బరినూనె రాసింది. రాస్తూ అరచేతులు తిప్పి తిప్పి చూసింది.

ఫిబ్రవరి 12

ఆరో కిలోమీటరు నుంచి పదమూడు వరకు. దబ్ దబ్ దబ్.

ఫిబ్రవరి 14

చచ్చాను. నాయన షెడ్డుకి వచ్చిన ట్రాక్టరు వాడెవడో, "మీ అమ్మాయి లాంటి అమ్మాయి వినుకొండ రోడ్డు మీద సమ్మెటతో రోడ్డును బాదతంది" అన్నాడట. నాయన అన్నం దగ్గర చెప్పి పగలబడి నవ్వాడు.

"ఒరేయ్, మా అమ్మాయి లెక్చరరు, ఈ టైములో పాఠం చెబుతా ఉంటది, నువ్వు చూసింది ఎవురో పిచ్చిదాన్ని అని చెప్పా."

నేనూ నవ్వాను. కాస్త ఎక్కువ నవ్వాను. పొలమారింది.

రేపు తప్పకుండా చెప్పేస్తాను.

ఫిబ్రవరి 18

ఇప్పుడు తెర చూస్తే చాలు, నాకు చాలా తెలిసిపోతోంది. బస్సు అయితే ఏటవాలు గీత, స్టాపుల దగ్గర మెట్లు మెట్లుగా విరుగుతుంది. ట్రాక్టరు గీత లావుగా ఉంటుంది. బోరు మోటారు ఒకేచోట నిలువునా సాగుతుంది, కరెంటు పోతే తెగుతుంది. కరెంటు పోయిందని మాకు ఊళ్ళవాళ్ళ కంటే ముందు తెలుస్తోంది! నా సమ్మెట దెబ్బలు కూడా వెంకటేష్ చూపించాడు. మొదట్లో బలంగా, మధ్యాహ్నానికి నీరసంగా. "మీ ఆకలి కూడా రికార్డయింది మేడం" అన్నాడు.

చిప్పు లేజరు పన్నెండు రోజులుగా ఆగలేదు. మేడం దాని మీద చెయ్యి వేసి పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూస్తుంది.

సాయంత్రం ఆమె అడిగింది. "రోజూ వస్తన్నావు. ఎన్నాళ్ళమ్మా సెలవు?"

"ఉంది మేడం, చాలా ఉంది సెలవు."

"చానా మంచి కాలేజీ" అంది.

ఫిబ్రవరి 20

రేపు.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఏదీ మరిచిపోకముందే వరసగా రాస్తాను.

రేపు శివరాత్రి. పొద్దున్నుంచీ కోటప్పకొండ వెళ్ళే జనంతో తెర నిండిపోయింది. నడిచే వాళ్ళు, ట్రాక్టర్లు, ట్రాక్టర్ల మీద గోపురంలా ఎత్తుగా కట్టిన ప్రభలు. చీమలు పట్టిన బెల్లం ముక్కలా ఉంది. వెంకటేష్ తల పట్టుకుని, ఈ రోజు డేటా దేనికీ పనికిరాదు అంటున్నాడు. మేడం మీటింగుకి విజయవాడ వెళ్ళింది.

పదకొండింటికి పదిహేడో కిలోమీటరు దాటాక ఒకటి కనిపించింది. సన్నటి చుక్కలు. జరగడం లేదు. ఒకేచోట. వస్తాయి, ఆగుతాయి, మళ్ళీ వస్తాయి.

"మోటారు" అన్నాడు వెంకటేష్.

"మోటారు ఊపిరి పీల్చుకోదు. చూడు, ఐదారు దెబ్బలు, తర్వాత ఆగింది. మళ్ళీ నాలుగు. మళ్ళీ ఆగింది. ఇది చెయ్యి."

"రాళ్ళు కొడుతున్నారేమో?"

"పని చేసే చెయ్యి ఇలా ఉండదు. నీరసపడిపోతోంది. వెనక్కి వెళ్ళి పొద్దున్నది తియ్యి."

తీశాడు. ఏడున్నరకి మొదలైంది. అప్పుడు బలంగా ఉన్నాయి, గబగబా. ఎనిమిదికి కాస్త తగ్గాయి. పదికి సగం.

మేడంకి ఫోన్ చేశాను. నేను సగం చెప్పేలోపే, "నీకు చెయ్యి అనిపిస్తే చెయ్యే. జీపు తీసుకుపో. వెంకటేషు తెర ముందు నుంచి లేవకూడదు" అని పెట్టేసింది.

ఆ జనంలో పదిహేడు కిలోమీటర్లు ఎలా నడిపానో నాకు తెలియదు. హారన్ మీద చెయ్యి తీయలేదు. నేను గుర్తుపెట్టిన చోటే, మైలురాయి దాటి చిన్న కల్వర్టు. ఒక వైపు మిరప చేను, ఒక వైపు తుమ్మ చెట్లు, కంప. ఎవరూ లేరు. వెనక నుంచి ఒక పెద్ద ప్రభ వస్తోంది, మైకులో పాటలు, డప్పులు. చెవిలో ఫోను పెట్టుకుంటే వెంకటేష్ గొంతే వినపడటం లేదు, ఇక చెయ్యి చప్పుడు ఎక్కడ వినపడుతుంది?

"మేడం, ఆగిపోయింది" అన్నాడు వెంకటేష్. "మూడు నిమిషాల నుంచి ఏమీ లేదు."

నాకు ఏం తోచిందో ఏమో. జీపులోంచి సమ్మెట తీసి కల్వర్టు పక్క నేల మీద బలమంతా పెట్టి కొట్టాను. మూడు దెబ్బలు. ఆగాను.

ఫోన్లో ఏమీ లేదు. తర్వాత వెంకటేష్ కేక. "వచ్చింది! మేడం, మూడు! మూడు కొట్టారు!"

నేను రోడ్డు మీద కూలబడి ఏడ్చాను. లేచి మళ్ళీ రెండు కొట్టాను. "రెండు!" అని అరిచాడు వెంకటేష్, అతనూ ఏడుస్తున్నాడు.

కంపలోకి దూరాను. చున్నీ చిరిగింది, చేతులు గీరుకుపోయాయి. రోడ్డుకి పదిహేను అడుగుల లోపల, తీగలు అల్లుకుపోయిన పాత బావి. నీళ్ళు లేవు. తొంగిచూస్తే అడుగున ఒక ముసలాయన, ఒక కాలు వంకరగా మడిచి, చేతిలో రాయి. గొంతు పోయింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

రోడ్డు మీదికి పరిగెత్తి ప్రభ ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ట్రాక్టరు నా పొట్ట దాకా వచ్చి ఆగింది. చెప్పాను. వెనక నుంచి ఎవరో, "బయలుదేరిన ప్రభ ఆపకూడదు, అరిష్టం" అన్నారు. ఆ ప్రభకి పెద్ద, పేరు బ్రహ్మాజీ అట, మెడలో పూలదండతో ట్రాక్టరు దిగాడు.

"మనిషి బాయిలో ఉంటే కొండ మీద కోటయ్య మన ప్రభ కోసం ఎదురుచూస్తా కూచుంటాడంట్రా? మోకులు విప్పండి!"

ప్రభ ఒరిగిపోకుండా నాలుగు పక్కలా కట్టి పట్టుకునే మోకులు. రెండు విప్పారు, మిగతా రెంటినీ యాభైమంది పట్టుకుని నిలబడ్డారు. చేలో కావలి మంచం తెచ్చి మోకులు కట్టి ఇద్దరు దిగారు. వెంకటేష్ పిలిపించిన ఫైరింజను వచ్చేసరికి ముసలాయన మంచంతో సహా పైకి వచ్చేశాడు. ఆయన పేరు పిచ్చియ్య. పొద్దున మేకలకి తుమ్మకాయలు కోయడానికి వచ్చాడట.

డప్పులు కొట్టారు. నన్ను ప్రభ చుట్టూ తిప్పారు. నేను గెంతాను. ముప్ఫై మూడేళ్ళ మనిషిని, నెత్తిన తుమ్మముళ్ళతో, వినుకొండ రోడ్డు మీద గెంతాను. సెల్‌ఫోన్లు తీశారు. తీసుకోనీ.

ఫిబ్రవరి 26

తీసుకోనీ అనుకున్నది తప్పు. వీడియో ఊరంతా తిరుగుతోంది. అమ్మ చూసింది. నాయన ఇది కాలేజీ పనే అనుకుంటున్నాడు. "కాలేజీ వాళ్ళు పంపించారా?" అన్నాడు. నేను తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 27

ఆసుపత్రికి వెళ్ళాను. పిచ్చియ్య తాతకి కాలికి కట్టు వేశారు, గొంతు కొంచెం వచ్చింది.

"తాతా, ఎవరైనా వింటారనే కొట్టావా అంతసేపు?"

"యాడ వింటారమ్మా. చేతులు ఊరికే ఉండక కొట్టా. ఆనక ఓపిక లేక మానుకున్నా." దిండు సర్దుకుని, "ఉన్నట్టుండి నేలలో నుంచి దబ్ దబ్ మని మూడు వినపడ్డయ్. నాకు భయమేసింది" అన్నాడు.

"ఎందుకు?"

"ఇంకెవుడో పాపం ఇంకో బాయిలో పడ్డాడనుకున్నా. నేనున్నాలే, దిగులుపడమాక అని చెబుదామని తిరిగి కొట్టా."

ఇంటికొచ్చేదాకా నవ్వుతూ ఉన్నాను. ఆటోలో ఎదుట కూర్చున్నావిడ చెంగు అందించింది, కళ్ళు తుడుచుకోమని. నవ్వే అనుకున్నాను నేను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ. ఇరవై అడుగులు ఉంటుంది. ప్రభ ముందు గెంతుతున్న నా ఫొటో. "ప్రాణదాత మా ఫిజిక్స్ లెక్చరర్ జెబా మేడం గారికి అభినందనలు. అడ్మిషన్లు జరుగుచున్నవి."

వెంటనే ప్రిన్సిపాల్ ఫోను. అయిందేదో అయిందట, సోమవారం నుంచి వచ్చేయమన్నాడు, జీతం కూడా పెంచుతాడట. ల్యాబు తాళం సంగతి అడిగాను. "అవన్నీ తర్వాత చూద్దాం, ముందు వచ్చి కూర్చోండి" అన్నాడు.

చూడు, ఎంత తేలికో! ఊఁ అంటే చాలు. అబద్ధమంతా నిజమైపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

సాయంత్రం నాయన జిలేబీ పొట్లంతో వచ్చాడు. ఫ్లెక్సీ చూసి వచ్చాడు. దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఫోను నా చేతిలో పెట్టాడు. కడిగిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, నా ఫొటో మోకాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు.

"నాయనా, నన్ను నెల క్రితమే తీసేశారు" అన్నాను.

మొత్తం చెప్పాను. తాళం, పట్టకం, లైబ్రరీ, పార్కు, సమ్మెట. ట్రాక్టరువాడు చూసిన పిచ్చిది నేనే అని కూడా చెప్పాను.

నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. జిలేబీ ఎవరూ తినలేదు.

"నాకు బొబ్బలు చూసిననాడే తెలుసు, సుద్దముక్కకి బొబ్బలొస్తయ్యా?" అంది అమ్మ. "నాకు చెప్పకపోతే పాయె. ఆయనకి చెప్పాల్సింది."

మార్చి 1

నాయన మాట్లాడటం లేదు. నేను ప్రిన్సిపాల్‌కి రానని చెప్పాను. మేడం నన్ను ప్రాజెక్టులో వేసుకుంటానంది, వచ్చే నెల నూజెండ్ల వైపు కేబుల్ పని. "కాలేజీ సెలవు అయిపోయిందా?" అని అడిగింది. "శాశ్వతంగా" అన్నాను. "నాకు మొదటి రోజే తెలుసు. సెలవు పెట్టినోళ్ళు పొద్దున్నే క్యారేజీ తెచ్చుకోరు" అంది.

ఊళ్ళో ఒక వార్త. ఫ్లెక్సీలో నా ఫొటో లేదట. ఎవరో నిచ్చెన వేసుకుని, కత్తెరతో తీరుగా నా చుట్టూ కత్తిరించి పట్టుకుపోయారట. ప్రభ ఉంది, అడ్మిషన్లు ఉన్నాయి, మధ్యలో మనిషి ఆకారంలో కంత. ప్రిన్సిపాల్ షెడ్డు దాకా వచ్చి, "ఏంది హబీబుల్లా ఇది?" అన్నాడట. "మీ ఫ్లెక్సీ మీ గేటుకే ఉంది గదా సార్. మా పిల్ల బొమ్మ మేం తెచ్చుకున్నాం" అన్నాడట నాయన, జాకీ వేసిన లారీ కింద నుంచి లేవకుండా.

ఇంటికొచ్చి నాతో మాత్రం ఒక్క మాట లేదు.

మార్చి 2

రంజాన్ మొదటి రోజా, ఉపవాసం. సాయంత్రం నాయన ఖర్జూరం గిన్నె నా వైపు జరిపాడు. చూడకుండా జరిపాడు.

మార్చి 3, సోమవారం

మధ్యాహ్నం గదిలో తెర ముందు ఉన్నాను. ఫోను మోగింది. నాయన.

"ఏమే, నేను వినుకొండ రోడ్డు మీద నిలబడ్డా. రెండో రాయి దగ్గర. కనపడతన్నానా?"

తెర దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. "నిలబడితే కనపడవు నాయనా. కదలాలి."

"నడవనా?"

"లారీలు పోతున్నాయి, నడిస్తే తెలియదు. ఎగురు."

"ఏందీ?"

"ఎగురు నాయనా!"

పక్కనుంచి అమ్మ గొంతు, "రోజా పట్టినోడివి, ఈ ఎండలో రోడ్డు మీద ఎగురుతావా, మోకాళ్ళు పోతయ్, జనం చూస్తన్నారు!" నాయన ఫోను ఆమె చేతికిచ్చినట్టున్నాడు. మేడం రొట్టె పక్కన పెట్టి వచ్చి నా వెనక నిలబడింది. వెంకటేష్ తెర పెద్దది చేశాడు.

రెండో కిలోమీటరు దగ్గర ఒక చుక్క పడింది. పెద్ద చుక్క. నాయన బరువైన మనిషి.

"ఎగిరాడే" అంది అమ్మ.

మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. ఆగకుండా పడుతూనే ఉన్నాయి.